కొబ్బరితోటలో తీస్తే పాప మొహం పచ్చగా వస్తోంది, తప్పెక్కడ?

బుజ్జమ్మ_నాన్న
సంక్రాంతికి మా అత్తగారి ఊరు వెళ్ళాం, అమలాపురం దగ్గర. పాపకి నాలుగేళ్ళు. ఎర్ర పట్టులంగా, జడగంటలు, చేమంతులు, మొత్తం హంగామా. ఇంటి వెనక కొబ్బరితోటలో నిలబెట్టి దాదాపు మూడు వందలు తీశాను. కెమెరా స్క్రీన్ మీద బాగానే కనిపించాయి. హైదరాబాద్ వచ్చి ల్యాప్‌టాప్‌లో చూస్తే ఒక్కటీ పనికొచ్చేలా లేదు. మొహం పచ్చగా ఉంది, గడ్డం కింద ఎర్రగా ఉంది, నుదుటి మీద తెల్లటి మచ్చలు. పిల్ల జ్వరం పడి లేచినట్టుంది. మిర్రర్‌లెస్ కెమెరా, 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్, ఆటో వైట్ బ్యాలెన్స్ (వెలుతురు రంగుని బట్టి ఫొటో రంగులు కెమెరాయే సరిచేసుకునే సెట్టింగ్), జేపెగ్. తీసిన టైము పదకొండున్నర.

పోనీ ప్రింటయినా బాగుంటుందేమో అని ఒక స్టూడియోకి ఇచ్చాను. వాళ్ళు కరెక్షన్ చేసి ఇచ్చారు. ఎలా చేశారంటే పిల్లని తెల్లగా చేసేశారు. మా అమ్మాయి చామనఛాయ. ఆ ప్రింటులో ఉన్నది ఎవరి పిల్లో నాకు తెలియదు. పైగా బుగ్గ మీద దిష్టిచుక్కని ఏదో మరక అనుకుని తుడిచేశారు. మా అత్తగారు అది చూసి రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. తప్పు కెమెరాదా, తోటదా, నాదా?

కాకినాడ_కాజా
దిష్టిచుక్క తుడిచేశాక కదా అసలు దిష్టి తగిలేది. అత్తగారి పక్షాన నేనున్నాను.

మాన్యువల్_మోడ్
పచ్చగా అంటే పసుపు పచ్చా, ఆకుపచ్చా? ముందు అది చెప్పండి. మన భాషలో రెండూ పచ్చే కానీ ఎడిటింగ్‌లో రెండిటికీ మందు వేరు. పసుపైతే టెంపరేచర్, అంటే నీలం-పసుపు స్లైడర్, తగ్గించాలి. ఆకుపచ్చైతే టెంపరేచర్ ఎంత తిప్పినా లాభం లేదు, టింట్, అంటే ఆకుపచ్చ-మెజెంటా స్లైడర్, మెజెంటా (గులాబీ ఊదా) వైపు జరపాలి.

బుజ్జమ్మ_నాన్న
ఆకుపచ్చ. దవడ కింద, బుగ్గల పక్కన ఎక్కువ. నుదురు కాస్త నయం, కానీ అక్కడే ఆ తెల్ల మచ్చలు.

రా_ఫైల్_రాజు
జేపెగ్‌లో తీశారు కాబట్టి ఈ గోల. రా (RAW, కెమెరా పట్టిన సమాచారం మొత్తం దాచే ఫైల్) లో తీసుంటే రెండు స్లైడర్లతో అయిపోయేది.

లెన్సు_లేని_వాడు
వచ్చాడండీ రాజు. ఈ ఫోరమ్‌లో ఏ ప్రశ్నకైనా ఈయన జవాబు ఒకటే. పాప ఏడుస్తోందన్నా రా లో తీయమంటాడు.

పాత_స్టూడియో
నేను రాజమండ్రి వైపు 1984 నుంచి స్టూడియో నడిపాను, ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. మీ కెమెరాకి ఏమీ కాలేదు. అది ఉన్నది ఉన్నట్టే తీసింది. చెట్ల కింద పాప మొహం నిజంగానే ఆకుపచ్చగా ఉంది, మీ కంటికి తెలియలేదు అంతే. మన కన్ను సర్దుకుపోతుంది, కెమెరా సర్దుకోదు.

కొబ్బరితోటలో ఏం జరుగుతుందంటే, పాప మొహం మీద ఒక్క వెలుతురు కాదు, మూడు పడుతున్నాయి. మట్టల సందుల్లోంచి నేరుగా దిగే ఎండ ఒకటి, మీ తెల్ల మచ్చలు అవే. రెండోది మట్టల్లోంచి వడకట్టుకుని వచ్చేదీ, కింద గడ్డి మీద పడి పైకి లేచేదీ. ఇది ఆకుపచ్చ. గడ్డి నుంచి లేచేది కాబట్టి దవడ కింద ఎక్కువ తగులుతుంది, మీరు చెప్పింది సరిగ్గా అదే. మూడోది పాప లంగా. ఎర్ర పట్టు మీద ఎండ పడితే ఆ ఎరుపు గడ్డం కిందకి కొడుతుంది. చిన్నపిల్లలు పొట్టి కదా, మొహానికీ గడ్డికీ మధ్య దూరం మూడడుగులు కూడా ఉండదు. అదే చోట మీరు నిలబడితే మీ మొహం ఇంత పచ్చగా రాదు.

ఒకే మొహం మీద మూడు రంగులున్నప్పుడు ఒక్క వైట్ బ్యాలెన్స్‌తో సరిచేయలేం. నుదురు సరిచేస్తే దవడ చెడుతుంది, దవడ సరిచేస్తే నుదురు గులాబీ రంగులోకి పోతుంది. అందుకే రాజుగారు చెప్పిన రెండు స్లైడర్లతో పని జరగదు. పాపని జరపాలి.

రా_ఫైల్_రాజు
గురువుగారూ, రెండు స్లైడర్లు అన్నది మాటవరసకి. బ్రష్‌తో దవడ వరకే మాస్క్ వేసి టింట్ మార్చుకోవచ్చు. నేను రోజూ చేస్తాను. రా లో అయితే ఆ రంగు సమాచారం పోకుండా ఉంటుంది, జేపెగ్‌లో కాస్త లాగితే చర్మం మీద మచ్చలు మచ్చలుగా విడిపోతుంది. అది మాత్రం ఒప్పుకోండి.

పాత_స్టూడియో
ఒప్పుకుంటాను. మూడు వందల ఫొటోలకి మూడు వందల దవడలు బ్రష్ చేస్తారా?

రా_ఫైల్_రాజు
మూడు వందల్లో పది ఏరుకుంటాం కదా.

కాకినాడ_కాజా
మూడు వందల దవడలు. పులి సినిమా టైటిల్‌లా ఉంది.

వెన్నెల_అమ్మ
పాపని జరపాలి అంటే ఎటు జరపాలి, అది కూడా చెప్పండి పాత స్టూడియో గారూ. మాకూ ఇదే సమస్య, మాది మామిడితోట.

పాత_స్టూడియో
తోట నడిమధ్యలో వద్దు, అంచుకి రండి. నీడ ఎక్కడ అయిపోయి ఎండ మొదలవుతుందో ఆ గీత దగ్గరికి. పాపని గీతకి రెండు మూడడుగులు లోపల నిలబెట్టి, మొహం బయట వైపుకి, అంటే పొలమో చెరువో ఆకాశం విశాలంగా కనిపించే వైపుకి తిప్పండి. మీరు ఎండలో ఉంటారు, పాప నీడలో ఉంటుంది. చెమట మీకు, ఫొటో పాపకి. అప్పుడు మొహం మీద పడేది ఆకాశం వెలుతురు, ఒక్క వైపు నుంచి, మెత్తగా. కళ్ళలో తెల్లగా మెరుపు వస్తుంది. ఆ మెరుపు లేకపోతే కాటుక పెట్టిన కళ్ళు రెండు గుంటల్లా ఉంటాయి.

తర్వాత కింద చాప వేయండి, తాటాకు చాపో ఈతచాపో. పాపని దాని మీద కూర్చోబెట్టండి. గడ్డి కప్పబడిపోతుంది, కింద నుంచి ఆకుపచ్చ లేవదు, చాప నుంచి కాస్త వెచ్చటి రంగు లేస్తుంది. మన పిల్లల చర్మానికి అది బాగా నప్పుతుంది. చాప లేకపోతే తెల్ల పంచె. నా దగ్గర 120 ఫిల్ము రోలు ఒకదానికి 12 ఫొటోలే వచ్చేవి. రంగు ఎక్కడి నుంచి వస్తోందో చూసుకోకుండా బటన్ నొక్కే స్తోమత లేదు మాకు.

మాన్యువల్_మోడ్
నీడలో అయితే వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకండి. ఆకాశం నీలం కాబట్టి నీడలో మొహం చల్లగా, బూడిద రంగులోకి వెళ్తుంది. వైట్ బ్యాలెన్స్ అంకె కెల్విన్‌లో ఉంటుంది, పెంచితే ఫొటో వెచ్చగా అవుతుంది. ఎండకి 5200 నుంచి 5500 కెల్విన్, నీడకి 7000 దగ్గర. కెమెరాలో ఇంటి బొమ్మ ఉన్న షేడ్ సెట్టింగ్ అదే. ఆటోలో పెడితే ఇంకో తలనొప్పి ఏంటంటే, పాప ఎర్రలంగా ఫ్రేమ్‌లో ఎక్కువ కనిపిస్తే ఒక రంగు, చెట్లు ఎక్కువ కనిపిస్తే ఇంకో రంగు. ఒకే చోట తీసిన పది ఫొటోలు పది రకాలు. ఒక అంకె పెట్టి వదిలేస్తే కనీసం తప్పయినా అన్నిట్లో ఒకే తప్పు ఉంటుంది, ఒకటి సరిచేసి మిగతావాటికి కాపీ చేసేయొచ్చు.

గ్రేకార్డ్_గోపి
లేదా నాలా గ్రే కార్డ్ వాడండి. ఏ రంగూ కలవని బూడిదరంగు అట్ట, 18 శాతం గ్రే అంటారు. పాప చేతికిచ్చి ఒక ఫొటో, తర్వాత ఎడిటింగ్‌లో దాని మీద క్లిక్. తోట మధ్యలో అయినా సరే.

పాత_స్టూడియో
తోట మధ్యలో గ్రే కార్డ్ పెట్టి సరిచేస్తే వెనకున్న కొబ్బరిమట్టలు ఏ రంగులో వస్తాయో చెప్పండి గోపి గారూ.

గ్రేకార్డ్_గోపి
...కాస్త ఊదాగా వస్తాయి. నిజమే. ముఖ్యంగా వెనక ఎండ పడుతున్నవి. కానీ మొహం బాగుంటుంది కదా!

లెన్సు_లేని_వాడు
కార్డు పాప చేతికివ్వడం వరకు సరే. తిరిగి ఇస్తుందా? మా మేనల్లుడు కొరికాడు.

వెన్నెల_అమ్మ
మా పాప పౌడర్ సంగతి కూడా చెప్పాలి. ఫొటో అనగానే మా ఆడపడుచు పిల్ల మొహానికి దట్టంగా పౌడర్ రాసేస్తుంది. నీడలో తీస్తే మొహం విబూది పూసినట్టు, మెడ మామూలు రంగులో, మధ్యలో గీత. దాన్ని వెచ్చగా చేద్దామని టెంపరేచర్ పెంచితే మెడ నారింజ రంగులోకి పోతుంది. ఎన్ని స్లైడర్లు జరిపినా కాలేదు. చివరికి తడిగుడ్డ కనిపెట్టాను. అంతకంటే మంచి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లేదు.

కాకినాడ_కాజా
తడిగుడ్డ ప్రో. నెలకి చందా లేదు.

సిక్కోలు_చిన్నోడు
అందరూ కెమెరా కబుర్లు చెప్తున్నారు. నా దగ్గర ఫోన్ ఉంది. మాలాంటి వాళ్ళం ఏం చేయాలి?

మాన్యువల్_మోడ్
నీడ అంచు, చాప, తడిగుడ్డ ఫోన్‌కీ అంతే. ఫోన్‌లో అదనంగా రెండు చూసుకోండి. మొహం మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి, పక్కన సూర్యుడి బొమ్మ వస్తుంది, దాన్ని కొద్దిగా కిందకి లాగండి. ఫోన్లు మన మొహాలని అవసరం లేకుండా వెలిగించేస్తాయి. రెండోది, సెట్టింగ్స్‌లో బ్యూటీ అని ఏదున్నా సున్నా చేసేయండి. చాలా ఫోన్లలో అడగకుండానే ఆన్ అయి ఉంటుంది. నాలుగేళ్ళ పిల్లకి బ్యూటీ మోడ్ ఎందుకో ఆ తయారుచేసినవాడికే తెలియాలి. పోర్ట్రెయిట్ మోడ్ కూడా జడలో పూలున్నప్పుడు వద్దు, పూలరేకుల అంచులు కోసేస్తుంది.

బుజ్జమ్మ_నాన్న
తెల్లగా చేయడం గురించి ఎవరూ ఏమీ అనలేదేంటి? నాకు రంగుల సంగతి కంటే అదే ఎక్కువ మండింది. స్టూడియో అతన్ని అడిగితే "అందరూ ఇలాగే అడుగుతారు సార్, మీరే మొదటిసారి వద్దంటున్నారు" అన్నాడు.

పాత_స్టూడియో
అతను అబద్ధం చెప్పలేదు. నేనూ చేశాను. పెళ్ళిచూపుల ఫొటోలకి వచ్చినవాళ్ళు నోరు తెరిచి అడిగేవారు, "కాస్త కలర్ పెంచండి" అని. ఆ రోజుల్లో నెగటివ్ మీద పెన్సిల్‌తో దిద్దేవాళ్ళం. చిన్నపిల్లలవి మాత్రం దిద్దలేదు. దిద్దితే వాళ్ళ అమ్మమ్మలు పట్టేసేవారు.

డల్లాస్_తాతబ్బాయి
ఇది మన దగ్గరే మొదలైంది కాదు. కలర్ ఫిల్ము కాలంలో ల్యాబ్‌లో ప్రింటు రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ వాళ్ళు ఒక కార్డు పంపేవారు, 1950ల నుంచి. దాని మీద ఒక తెల్ల అమ్మాయి బొమ్మ, షర్లీ కార్డ్ అనేవారు. ఆమె చర్మం సరిగ్గా వస్తే మెషీన్ సరిగ్గా ఉన్నట్టు లెక్క. నల్లవాళ్ళ తల్లులు స్కూలు గ్రూపు ఫొటోల్లో పిల్లల మొహాలు కనబడటం లేదని మొత్తుకున్నా పెద్దగా పట్టించుకోలేదట. చాక్లెట్ కంపెనీలూ, ఫర్నిచర్ కంపెనీలూ మా గోధుమరంగులు సరిగ్గా రావట్లేదని అడిగాక కదిలారు. ఫోన్లలో కూడా ముదురు చర్మాలకి తగ్గట్టు సరిచేశామని గూగుల్ చెప్పుకుంది 2021లో పిక్సెల్ 6 వచ్చినప్పుడు.

సిక్కోలు_చిన్నోడు
పిల్లల మొహం కంటే చాక్లెట్‌కి విలువిచ్చారన్నమాట.

లెన్సు_లేని_వాడు
మా ఇంట్లో పిల్లలే చాక్లెట్‌కి అంత విలువిస్తారు.

రా_ఫైల్_రాజు
దీనికి ఎడిటింగ్ వైపు నుంచి ఒక మాట. మన చర్మం రంగు ఎక్కువ భాగం ఆరెంజ్ స్లైడర్‌లో, కొంత రెడ్‌లో ఉంటుంది. ఆరెంజ్ ల్యూమినెన్స్, అంటే ఆ రంగు వెలుగు, పెంచితే మొహం తెల్లబడుతుంది. స్టూడియోల్లో ఒక్క నొక్కుతో చేసేది ఇంచుమించు ఇదే. ప్రింటుకి ఇచ్చేటప్పుడు "కరెక్షన్ వద్దు, ఉన్నది ఉన్నట్టు వేయండి" అని కవరు మీద రాసి ఇవ్వండి. నోటితో చెప్తే కౌంటర్ దగ్గరే మర్చిపోతారు. అలాగే గడ్డి మరీ పిచ్చి పచ్చగా ఉంటే గ్రీన్ స్లైడర్ కాదు, యెల్లో స్లైడర్ పట్టుకోండి. గడ్డిలో మనం ఆకుపచ్చ అనుకునేదాంట్లో సగానికి పైగా పసుపే. కానీ పాప చెవులకి బంగారం, లంగాకి జరీ ఉంటే అవి కూడా వెలిసిపోతాయి, మాస్క్ వేసుకుని చేయాలి.

పాత_స్టూడియో
ఈ పోస్టు బాగుంది రాజుగారూ. కవరు మీద రాయమన్నది మా అబ్బాయికి కూడా చూపించాను.

బుజ్జమ్మ_నాన్న
ఇంకో సందేహం. లంగా ఎరుపు ముద్దలా వచ్చింది. మడతలు లేవు, జరీ బుటాలు కూడా కలిసిపోయాయి. హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి ఎడమకి, వెలుగు కుడికి చూపించే గ్రాఫ్) చూస్తే మధ్యలోనే ఉంది, ఎక్కడా పొంగలేదు.

మాన్యువల్_మోడ్
మీరు చూసింది తెల్ల హిస్టోగ్రామ్. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపించేది ఆన్ చేయండి. ఎర్ర పట్టు, ఎండ, రెండూ కలిస్తే మిగతా రెండూ బాగానే ఉన్నా ఎరుపు ఒక్కటి కుడివైపు గోడకి గుద్దుకుంటుంది. అక్కడ ఇక వివరం ఉండదు. ఎక్స్‌పోజర్ అరస్టాపో ముప్పావో తగ్గించి తీసి (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుతురు సగమవుతుంది) తర్వాత మొహం వెలుగు పెంచుకోండి. బంతిపూల దండలకీ, కుంకుమరంగు బట్టలకీ ఇదే బాధ.

గ్రేకార్డ్_గోపి
కెమెరాలో రంగులు గాఢంగా చేసే వివిడ్ ప్రొఫైల్ ఉంటే తీసేసి స్టాండర్డో న్యూట్రలో పెట్టండి, జేపెగ్‌లో తీసేవాళ్ళు ముఖ్యంగా.

కాకినాడ_కాజా
అసలు ఎర్రలంగా బదులు తెల్లది వేస్తే?

వెన్నెల_అమ్మ
సంక్రాంతికి పిల్లకి తెల్లబట్టలా? మీరు ఆ అత్తగారింటికి వెళ్ళి ఆ మాట అనండి చూద్దాం.

నెల్లూరు_రెక్క
పోలరైజర్ ఫిల్టర్ పెడితే మట్టల మీద మెరుపు పోయి ఆకులు చక్కగా వస్తాయి. నేను ఎప్పుడూ లెన్స్‌కి అదే ఉంచుతాను.

మాన్యువల్_మోడ్
పిల్లల ఫొటోలకి వద్దు. ఒకటి నుంచి రెండు స్టాపుల వెలుతురు తినేస్తుంది. ఆకుల మెరుపుతో పాటు బుగ్గల మెరుపు కూడా పోతుంది, చర్మం మట్టిబొమ్మలా అవుతుంది. నీడలో పాప పరిగెడుతుంటే మీకు షట్టర్ వేగం సెకనులో 1/500 వంతు అయినా కావాలి. బాగా తీసిన ఫొటో కాస్త అలికినట్టుంటే ఫోకస్ తప్పిందని లెన్స్‌ని తిడతారు గానీ, సగం సార్లు షట్టర్ చాలకపోవడమే.

డల్లాస్_తాతబ్బాయి
ఇక్కడి సంగతి ఒకటి. మార్చి చివర నుంచి ఏప్రిల్ మధ్య దాకా టెక్సస్‌లో బ్లూబానెట్ అని నీలం పూలు రోడ్ల పక్కన విరగబూస్తాయి. డల్లాస్‌లో ఉన్న తెలుగువాళ్ళలో ఎన్నిస్ వైపు వెళ్ళి పిల్లల్ని ఆ పూలల్లో కూర్చోబెట్టి ఫొటో తీయనివాళ్ళు తక్కువ. మొదటి ఏడు నేను మా మనవరాలికి పట్టులంగా వేసి, సాయంత్రం బంగారు ఎండలో, వెచ్చగా ఉండాలని 7000 కెల్విన్ పెట్టి తీశాను. చర్మం బాగుంది, నీలం పూలు మాత్రం వంకాయ రంగులోకి వెళ్ళిపోయాయి. తర్వాత తెలిసింది, నీలం పూలు కావాలంటే సూర్యుడు ఒక మబ్బు వెనక్కి వెళ్ళేదాకా ఆగాలి, లేదా చర్మాన్ని కాస్త వదులుకోవాలి. రెండూ ఒకేసారి దొరకవు. ఇంకోటి, ఇక్కడ జూన్‌లో ఎనిమిదిన్నర దాటాక పొద్దు గుంకుతుంది, ఆ బంగారు ఎండ కూడా తాపీగా పోతుంది. మన దగ్గర సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగిపోతాడు, చూస్తుండగానే అయిపోతుంది. ఇక్కడివాళ్ళ వీడియోలు చూసి గంట ఉందనుకుంటే మీకు అరగంట కూడా మిగలదు.

పాత_స్టూడియో
మంచి మాట. అమలాపురంలో జనవరి మధ్యలో 5:45 దాటగానే పొద్దు గుంకుతుంది, హైదరాబాద్ కంటే ఇంచుమించు పావుగంట ముందు. తోటల్లో అయితే ఇంకా ముందే చెట్ల వెనక్కి పోతుంది. హైదరాబాద్ లెక్కలో అయిదున్నరకి కెమెరా తీస్తే దోమలే మిగులుతాయి. నాలుగున్నరకి సిద్ధంగా ఉండాలి.

వెన్నెల_అమ్మ
అందరూ సాయంత్రం సాయంత్రం అంటున్నారు. నాలుగేళ్ళ పిల్ల సాయంత్రం నాలుగున్నరకి ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరా? పట్టులంగా గుచ్చుకుంటుంది, జడ లాగుతోంది, నిద్ర చాలలేదు. మా పాపకి పదకొండు గంటలప్పుడే నవ్వు ఉంటుంది. బుజ్జమ్మ నాన్నగారు పదకొండున్నరకి తీసింది అందుకే అయ్యుంటుంది. నాకు బంగారు ఎండలో ఏడుపు కంటే తెల్లటి ఎండలో నవ్వు కావాలి. ఆ టైముకి ఏం చేయాలో చెప్పండి.

బుజ్జమ్మ_నాన్న
వెన్నెల అమ్మగారికి దండం. సరిగ్గా అందుకే.

పాత_స్టూడియో
అమ్మా, ఆ టైముకి తోట వదిలేసి ఇంటికి రండి. మన పాత ఇళ్ళు కట్టినవాళ్ళు ఫొటోల కోసం కట్టలేదు గానీ అంతకంటే మంచి స్టూడియో లేదు. వీధి అరుగు మీద, చూరు నీడలో, పాపని అంచు వైపు కూర్చోబెట్టండి. ఎదురుగా వీధిలో ఎండ పడి తెల్లటి మట్టిరోడ్డు నుంచీ, ఎదురింటి సున్నం గోడ నుంచీ వెలుతురు లేచి మొహం మీద పడుతుంది. సున్నం గోడకి రంగు లేదు చూడండి, అదే దాని గొప్ప. ఎదురిల్లు పసుపు పెయింటో, లేత ఆకుపచ్చ పెయింటో అయితే మళ్ళీ మొదటికొస్తుంది.

మండువా ఇల్లయితే ఇంకా మంచిది. కానీ నడిమధ్యలో నిలబెట్టకండి, పై నుంచి నేరుగా పడితే కళ్ళ కింద గుంటలు వస్తాయి. చూరు కిందకి, స్తంభం పక్కకి జరిపి మొహం మండువా వైపు తిప్పాలి. లేకపోతే గడప. తలుపు తీసి, గడప లోపల ఒక అడుగు వెనక. వెనక గది చీకటిగా ఉంటుంది కాబట్టి ఎర్రలంగా అగ్గిలా కనిపిస్తుంది. మే నెలలో మాత్రం ఇవేవీ పనిచేయవు, హైదరాబాద్‌లో అయితే ఆ నెల రెండో వారంలో ఒకరోజు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉంటాడు, స్తంభానికి నీడే పడదు. అప్పుడు పిల్లల్ని ఫొటోల కోసం బయటికి తీయడం పాపం కూడా.

కాకినాడ_కాజా
వెండి రిఫ్లెక్టర్ కొన్నాను నేను, పదకొండు వందలు. మా వాడి మొహం మీద పెడితే కళ్ళు మూసుకుని తుమ్మాడు. 40 ఫొటోల్లో 40 తుమ్ములు.

నెల్లూరు_రెక్క
బంగారు వైపు తిప్పి వాడారా?

కాకినాడ_కాజా
వాడాను. పసుపు నీళ్ళ మంగళస్నానం ఫొటోలు అయ్యాయి.

పాత_స్టూడియో
థర్మకోల్ షీటు. యాభై రూపాయలు. కళ్ళు చికిలించరు.

*

బుజ్జమ్మ_నాన్న
మళ్ళీ వచ్చాను. మాఘమాసం పెళ్ళి ఒకటి పడింది, అదే ఊరు, అదే అత్తగారిల్లు, అదే లంగా. మీరు చెప్పినవన్నీ చేశాను, ఏది ఎలా అయిందో రాస్తాను.

పొద్దున్న పదకొండుకి అరుగు. రా, షేడ్ వైట్ బ్యాలెన్స్ 7000, 1/500, ఎఫ్ 2.8. ఎదురింటి గోడ అదృష్టం కొద్దీ వెలిసిపోయిన సున్నమే. మొదటి ఫొటో తీసి స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే పాప కంట్లో ఆ గోడ, వీధి, నేను, మూడూ చిన్నగా కనిపిస్తున్నాయి. చర్మం సరిగ్గా మా పిల్ల రంగు. బుగ్గ మీద దిష్టిచుక్క నల్లగా, గుండ్రంగా, కాస్త వంకరగా ఉంది, మా అత్తగారి వేలు అలా జారింది. లంగాలో మడతలు కనిపించాయి, ముప్పావు స్టాప్ తగ్గించడం పనిచేసింది.

ఇరవై తీశాక పాపకి అరుగు బోరు కొట్టింది, తోటలోకి పరిగెత్తింది. సరే అని తోట అంచుకి చాప పట్టుకెళ్ళాం. చాప మీద నాలుగు నిమిషాలు కూర్చుంది, ఆ నాలుగు నిమిషాల్లో దవడ కింద ఆకుపచ్చ లేదు. చాప దిగి గడ్డిలో నిలబడ్డప్పుడు రెండు తీశాను, పోల్చి చూద్దామని. తేడా మా ఆవిడకి కూడా కనిపించింది, ఆవిడకి నా కెమెరా మాటలంటే పడవు.

సాయంత్రం నాలుగున్నరకి వెన్నెల అమ్మగారు చెప్పినట్టే అయింది. ఏడుపు.

వెన్నెల_అమ్మ
చెప్పానా లేదా.

బుజ్జమ్మ_నాన్న
ఒక్కటే అర్థం కాలేదు. చాప చాలకపోతే మావయ్యగారి తెల్ల పంచె పక్కన పట్టుకోమని మా బావమరిదికిచ్చాను, నీడవైపు బుగ్గ మీదకి వెలుతురు కొట్టేలా. ఆ ఫొటోల్లో ఆ బుగ్గ ఒక్కటే నీలంగా వచ్చింది. ఆకుపచ్చ వదిలిందనుకుంటే నీలం పట్టుకుంది. పంచె తెల్లగానే ఉంది కదా?

మాన్యువల్_మోడ్
ఆ పంచె మీద ఎండ పడిందా, నీడలోనే ఉందా? నీడలో పట్టుకుంటే ఆకాశం నీలాన్నే తిప్పి కొడుతుంది. అంచు ఎండలోకి జరిపి పట్టుకోవాలి.

బుజ్జమ్మ_నాన్న
సగం ఎండలోనే ఉందండి. ఎండ పడిన వైపు కూడా కాస్త నీలమే.

పాత_స్టూడియో
ఉతికాక మీ అత్తగారు ఆ పంచెకి నీలిమందు పెట్టారా?

బుజ్జమ్మ_నాన్న
ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. పెట్టారట, పెళ్ళి కదా అని రెండు చుక్కలు ఎక్కువే. ఎందుకు అడుగుతున్నావు, మళ్ళీ ఏం తుడిచేశారు అంటున్నారు.